ఒకే బురద, వేర్వేరు అడుగులు

ఆటలంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి కబడ్డీ, క్యారమ్స్, చదరంగం. బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట మరొకటుంది. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో 1974లో దీన్ని వెలువరించారు. పీజీ మిత్రులం కొందరం ఉచితంగా దొరికే ప్రాథమిక నియమాలు ప్రింటు తీసుకుని ఆడుతున్నాం. మా మధ్య ఎక్కువ వాదన లేపింది బురద నియమం.

బురద, ముళ్లపొదలు, రాళ్లగుట్టలు ఉన్నచోట ప్రతి అడుగుకూ రెండడుగుల నడక ఖర్చవుతుంది. నియమం అందరికీ ఒకటే. మరి అన్యాయం ఎక్కడ?

లెక్క చూద్దాం. 2014 నాటి నియమాల్లో మనిషి ఒక వంతులో 30 అడుగులు నడుస్తాడు. డ్వార్ఫ్ అనే పొట్టి జాతివాడు 25 అడుగులే. గళ్ల కాగితం మీద ఒక గడి 5 అడుగులు, బురద గడికి 10 ఖర్చు. మనిషి మూడు గళ్లు దాటుతాడు. డ్వార్ఫ్ రెండు దాటాక 5 అడుగులు మిగిలినా, వాటితో మరో బురద గడిలో కాలు పెట్టలేడు. ఒకడికి సగం పోతే రెండోవాడికి సగం కంటే ఎక్కువే పోయింది! 12 బురద గళ్లు దాటడానికి, పరుగు తీయకపోతే, మనిషికి నాలుగు వంతులు, డ్వార్ఫ్‌కు ఆరు. అవతల నిలబడ్డ విలుకాడికి ఆ బురదతో పనే లేదు, అన్ని వంతులూ బాణాలు వేస్తూనే ఉంటాడు. హాజరు ఒకే గంటకు తీసుకున్నా, పక్క వీధివాడికీ వాగు దాటి వచ్చేవాడికీ అది ఒకటి కాదని మన హాస్టల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

2024లో సవరించిన పుస్తకంలో డ్వార్ఫ్‌కూ 30 అడుగులే ఇచ్చారు. విలుకాడి సంగతి మాత్రం అలాగే ఉంది.

అలాగని బురదను తీసేయమని మేము అనం. తోడేలు నడక 40 అడుగులు. మైదానంలో దాన్నుంచి నడిచి తప్పించుకోవడం మనిషికి అసాధ్యం. అదే తోడేలు బురదలో 20 అడుగులే కదులుతుంది, మనం గట్టునే ఉంటే తప్పించుకోవచ్చు. కాబట్టి బురద ఎప్పుడూ బలహీనుడికే శత్రువు కాదు. అది ఎవరి దారిలో ఉందన్నదే ప్రశ్న. ఆట నడిపే మాస్టర్ బురద మధ్యలో నాలుగు బండలు పెడితే చాలు, సగం చాటు దొరికినవాడి రక్షణ అంకెకు 2 కలుస్తుంది. చుట్టు తిరిగినా సరే, ఒక పొడి దారీ ఉండాలి.

ఇంకొకటి, బురద గళ్లను పాచిక వేయకముందే పెన్సిల్‌తో గీసి అందరికీ చూపాలి. యుద్ధం మొదలయ్యాక గీసిన గీతను మా బల్ల దగ్గర ఒప్పుకోవడం లేదు.