కంప్యూటరులో వీడియో కార్డు, బ్యాటరీ లోపములు – గుర్తించు విధము

నేడు అనేక రైతుల ఇండ్లలోను, సహకార సంఘములలోను లెక్కలకు, ధరల సమాచారమునకు కంప్యూటర్లు వాడుచున్నారు. కొన్నేండ్లు పనిచేసిన యంత్రములలో గడియారపు బ్యాటరీ నీరసించుట, వీడియో కార్డు చెడుట తరచు చూచెదము. రెండును ఒకేసారి వచ్చినచో యంత్రమే పోయినదని తలచి కొత్తది కొనుట తగదు. తెగులేదో తెలియక మందు చల్లిన డబ్బు దండుగ. ఇక్కడను అంతే.

ముందు జాగ్రత్త

తెర కనబడుచుండగనే లెక్కల ఫైళ్ళను పెన్‌డ్రైవులోనికి నకలు చేసికొనవలెను. పిమ్మట కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, ఆన్ చేయు మీటను ఒకసారి నొక్కి వదలవలెను. లోపలి భాగములను ముట్టుటకు ముందు పెట్టె ఇనుప చట్రమును చేతితో తాకవలెను.

గడియారపు బ్యాటరీ

మదర్‌బోర్డుపై నాణెమువంటి బ్యాటరీ యుండును. డెస్క్‌టాప్ యంత్రములలో ఇది సాధారణముగా సి.ఆర్. 2032 రకము, వెడల్పు 20 మి.మీ., మందము 3.2 మి.మీ., శక్తి 3 వోల్టులు. ప్లగ్గు తీసియున్నప్పుడు తేదీని, సమయమును నిలుపునది ఇదియే. ఇది నీరసించినచో తేదీ కొన్నేండ్లు వెనుకకు పోవును. తేదీ తప్పినచో బ్యాంకు మొదలగు వెబ్‌సైట్లు తెరచుకొనవు. ఇంటర్నెట్ చెడినదని పొరబడుదురు. మీటరుతో కొలిచినప్పుడు 2.8 వోల్టులకు తగ్గియున్న బ్యాటరీని మార్చుట మంచిది. ఖర్చు స్వల్పము. కూడిక గుర్తు గల వైపు పైకి ఉండునట్లు అమర్చి, తేదీని సరిచేయవలెను.

హెచ్చరిక: పాత బ్యాటరీని పిల్లలకు అందనీయరాదు. మ్రింగినచో రెండు గంటలలోనే ఆహారనాళము కాలిపోవచ్చును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

వీడియో కార్డు

తెరపై గీతలు, రంగు మచ్చలు కనబడినను, పనిమధ్యలో తెర నల్లబడినను ఈ క్రింది వరుసలో చూడవలెను.

1. మానిటరు మీటలు నొక్కి దాని మెనూ తెరువుడు. గీతలు మెనూపైన కూడ ఉన్నచో లోపము మానిటరుదే కావచ్చును. మెనూ శుభ్రముగా ఉన్నచో కేబులు మార్చి చూడుడు.

2. ఆన్ చేయగనే వచ్చు మొదటి తెరపైననే మచ్చలున్నచో కార్డును అనుమానింపవలెను. విండోస్ వచ్చిన తరువాతనే వచ్చినచో ముందు డ్రైవరును తిరిగి ఎక్కింపవలెను.

3. పల్లెలలో ఊక, దుమ్ము చేరి కార్డు పంకా బిగిసిపోవును; కార్డు వేడెక్కును. ప్లగ్గు తీసి, పంకా రెక్కను వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. గొళ్ళెము నొక్కి కార్డును ఊడదీసి, తిరిగి గట్టిగా కూర్చి, దాని కరెంటు తీగ తగిలించవలెను.

4. అప్పటికిని తగ్గనిచో కార్డును తీసివేసి, మదర్‌బోర్డుపై తెర కనెక్షను ఉన్నచో కేబులును దానికి తగిలించి చూడుడు. అనేక ప్రాసెసర్లలో వీడియో సౌకర్యము లోపలనే కలదు. తెర శుభ్రముగా వచ్చినచో లోపము కార్డుదని తేలినట్లే. లెక్కల పనికి ఇదియే చాలును. కొత్త కార్డు కొననక్కరలేదు.

కార్డును వేడిచేసి బాగుచేయు పద్ధతి కొందరు చెప్పుదురు. ఆ బాగు నిలువదు, ఇంట చేయరాదు.

ఒకసారి ఒక మార్పు మాత్రమే చేసి ఫలితము చూడవలెను. ఈ విధముగా చేసిన రైతులు చిన్న ఖర్చుతో పోవు దానికి పెద్ద ఖర్చు పెట్టనవసరము లేదు.