మర్దనము – వృత్తిగౌరవము

వాన మొగము చాటుచేసిన యేట మన అనంతపురం మెట్టనేల బిగిసిపోవును. వేరుశనగ చెట్లు పీకు కూలీల నడుములు పట్టుకొనును. వారికి మొదట తోచునది మర్దన, ఉర్దూ సోదరుల మాటలో మాలీషు. అయినను ఆ వృత్తిని మనము చులకనగా చూతుము. పట్టణములలో ‘మసాజు’ అన్నచో వెకిలినవ్వు సైతము కద్దు. (నవ్వినవారే నడుము పట్టినపుడు కబురంపుదురు!)

నేర్పనగా గట్టిగా పిసుకుట కాదు, చేయి వేయరాని చోటు తెలియుట. ఎముక విరిగినచోట మర్దన కూడదు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడెక్కి నొప్పిపెట్టుచున్నచో అందు నెత్తురు గడ్డకట్టి యుండవచ్చును. పిసికినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టి రోగిని వెంటనే ఆసుపత్రికి పంపవలెను.

2021 నాటి కేంద్ర చట్టము ఫిజియోథెరపిస్టులకు నమోదు విధానము నేర్పరచినది. తరతరములుగా మాలీషు చేయు నాయీబ్రాహ్మణులకును ఇట్టి జాగ్రత్తలు నేర్పి, యోగ్యతాపత్రము లిచ్చు శిక్షణను మన జిల్లాలో నెలకొల్పవలెనని మేము కోరుచున్నాము.