సీజన్ టికెట్టు ఎప్పుడు లాభం? రోజూ రైలెక్కే విద్యార్థికి చిన్న లెక్క

కాలేజీ ఫీజు ఎంతో ఇంట్లో అందరికీ తెలుసు. రాకపోకలకు ఎంత ఖర్చవుతుందో మాత్రం చాలామంది లెక్క వేసుకోరు. రోజుకు 20, 40 రూపాయలేగా అనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి అది వేలల్లోకి చేరుతుంది. చదువు మానేసిన పిల్లల ఇళ్లలో అడిగితే ఫీజు కంటే ముందు దూరం సంగతే చెప్పేవాళ్లు ఉంటారు. తెనాలి నుంచి విజయవాడకు, అనకాపల్లి నుంచి విశాఖపట్నానికి, కాజీపేట నుంచి సికింద్రాబాదుకు రోజూ రైల్లో వెళ్లి చదువుకునే వారికి ఈ ఖర్చును బాగా తగ్గించుకునే దారి ఉంది. అదే సీజన్ టికెట్టు. అది ఎలా పనిచేస్తుందో, ఎప్పుడు లాభమో తెలియాలంటే కూడికలు, హెచ్చవేతలు వస్తే చాలు.

రైలు ఎందుకు చౌక?

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం దొర్లుతుంది. రెండూ గట్టివి కావడంతో ఒకదానికొకటి తాకే చోట చాలా తక్కువగా నొక్కుకుపోతాయి. రోడ్డు మీద రబ్బరు టైరు ప్రతి చుట్టులోనూ నలిగి, మళ్లీ సాగుతుంది. ఆ నలగడంలో కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. అందుకే ఒకే బరువును లాగడానికి రోడ్డు మీద ఎదురయ్యే దొర్లుడు నిరోధం పట్టాల మీద కంటే దాదాపు 5 నుంచి 10 రెట్లు ఎక్కువ.

దీనికి తోడు, బండి ఎలాగూ నడుస్తుంది. అందులో ఇంకొకరు ఎక్కినంత మాత్రాన రైల్వేకు అయ్యే అదనపు ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. రోజూ వచ్చే ప్రయాణికుడికి పెద్ద తగ్గింపు ఇవ్వగలగడానికి ఇదొక కారణం. మొత్తం మీద చూస్తే టికెట్ల మీద వచ్చే డబ్బు ఖర్చుకు సరిపోదు. ప్రయాణికులకు సగటున 46 శాతం రాయితీ ఇస్తున్నట్లు రైల్వే మంత్రి 2024 డిసెంబరులో పార్లమెంటుకు తెలిపారు.

15 ప్రయాణాల ధరకు నెలంతా

భారతీయ రైల్వేలో సీజన్ టికెట్టు గరిష్ఠంగా 150 కిలోమీటర్ల దూరం వరకు ఇస్తారు. రెండో తరగతి నెలవారీ పాసు ధర సుమారు 15 ఒంటరి ప్రయాణాల ఛార్జీకి సమానం. మూడు నెలల పాసుకు నెలవారీ ధరకు 2.7 రెట్లు చెల్లించాలి.

ఒకవైపు టికెట్టు 20 రూపాయలు అనుకుందాం. నెలకు 24 రోజులు కాలేజీకి వెళ్లే విద్యార్థి రానూ పోనూ 48 ప్రయాణాలు చేస్తాడు. ఏ రోజుకా రోజు టికెట్టు కొంటే 960 రూపాయలు. పాసు తీసుకుంటే సుమారు 300. విద్యార్థులకు సీజన్ టికెట్టు మీద 50 శాతం రాయితీ ఉంది కాబట్టి అది 150కి దిగుతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు రాయితీ 75 శాతం. వారికి 75 రూపాయలు.

ఇంకో సౌకర్యం గురించి చాలా ఇళ్లలో తెలియదు. ఇంటి నుంచి చదువుకునే చోటికి వెళ్లిరావడానికి ఆడపిల్లలకు డిగ్రీ వరకు, మగపిల్లలకు 12వ తరగతి వరకు రెండో తరగతి నెలవారీ పాసు ఉచితం. అంటే ఇంటర్ చదివే అబ్బాయి, బీఎస్సీ చదివే అమ్మాయి పాసుకు డబ్బు కట్టనక్కర్లేదు. 2020లో కరోనా వేళ రైల్వే చాలా రాయితీలను ఆపేసింది. అప్పుడు కూడా విద్యార్థులు, కొన్ని వర్గాల దివ్యాంగులు, రోగుల రాయితీలను కొనసాగించింది.

ఎన్ని రోజులకు గిట్టుబాటు?

మామూలు పాసు 15 ప్రయాణాలకు సమానం కాబట్టి 8 రోజులు రానూ పోనూ తిరిగితే దాని ధర వచ్చేసినట్లే. సగం ధర పాసైతే 4 రోజులు చాలు. టికెట్టు 10 రూపాయలైనా 40 రూపాయలైనా ఈ రోజుల సంఖ్య మారదు. నెలలో వారం రోజులు కాలేజీకి వెళ్లే విద్యార్థికి కూడా రాయితీ పాసే మేలు.

మూడు నెలల పాసుకు ఇంకో లెక్క ఉంది. పై ఉదాహరణలో మూడు నెలవారీ పాసులకు 450 రూపాయలు అవుతుంది. మూడు నెలల పాసు 405కే వస్తుంది. అయితే ఆ మధ్యలో పండుగ సెలవులో, పరీక్షల ముందు సెలవులో వచ్చి రెండు నెలలే తిరిగితే? రెండు నెలవారీ పాసులు 300తో సరిపోయేవి. 105 రూపాయలు నష్టం. ఆ 105తో విడి టికెట్లు కొంటే 5 ప్రయాణాలే వస్తాయి. కాబట్టి మూడో నెలలో కనీసం 3 రోజులు వెళ్లేది ఉంటే మూడు నెలల పాసు, అంతకంటే తక్కువైతే నెలవారీ పాసు తీసుకోవాలి.

నెలవారీ పాసు ఒకటో తేదీతోనే మొదలు కావాలని లేదు. ఏ తేదీ నుంచి తీసుకుంటే అక్కడి నుంచి నెల రోజులు చెల్లుతుంది. సంక్రాంతి, దసరా సెలవులకు ముందు గడువు ముగిసేలా, కాలేజీ తెరిచిన రోజున కొత్తది మొదలయ్యేలా చూసుకుంటే సెలవు రోజులకు డబ్బు కట్టనవసరం లేదు.

ముందుగా తెలియనప్పుడు

హాస్టల్ సీటు వస్తుందో రాదో, ఇంటర్న్‌షిప్ ఎక్కడ పడుతుందో తెలియదు. నెలలో ఎన్నిసార్లు రైలెక్కాలో ముందే చెప్పలేని పరిస్థితి. అప్పుడు పాసు కొనాలా, వద్దా?

కంప్యూటర్ శాస్త్రంలో ఇది పేరున్న సమస్యే. రాబోయేది తెలియకుండా నిర్ణయం తీసుకోవాల్సిన చోట, అన్నీ ముందే తెలిసినవాడితో పోలిస్తే ఎంత నష్టపోతామో లెక్కగట్టే శాస్త్రం అది. జర్మనీ రైల్వే 1992లో బాన్‌కార్డ్ అనే కార్డు తెచ్చింది. ఒకసారి డబ్బు కట్టి కొంటే ఏడాదిపాటు టికెట్లు సగం ధరకు వచ్చేవి. రుడాల్ఫ్ ఫ్లైషర్ అనే శాస్త్రవేత్త 2001లో ఆ కార్డు పేరుతోనే 'బాన్‌కార్డ్ సమస్య' మీద పరిశోధన పత్రం ప్రచురించారు.

మన పాసుకు వర్తించే సూత్రం చాలా తేలిక. మొదట విడి టికెట్లే కొనాలి. నెల మొదలైనప్పటి నుంచి టికెట్లకు పెట్టిన డబ్బు పాసు ధరకు చేరువ కాగానే పాసు కొనేయాలి. పై ఉదాహరణలో 7 టికెట్లకు 140 అయ్యాక పాసు తీసుకుంటే మొత్తం 290. ముందే అన్నీ తెలిసినవాడు 150తో గట్టెక్కేవాడు. అంటే ఎంత దురదృష్టం వెంటాడినా ఖర్చు రెట్టింపు దాటదు. పాసు ధరకు చేరకముందే ప్రయాణాలు ఆగిపోతే అసలు నష్టమే లేదు. రోజూ వెళ్లడం ఖాయమైతే ఈ ఎదురుచూపు అక్కర్లేదు, మొదటి రోజే పాసు కొనాలి.

టికెట్టు లేకుండా వెళ్లడమూ లాభమేనని అనుకునేవాళ్లు ఉన్నారు. రైల్వే చట్టం, 1989 ప్రకారం దొరికితే ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయలు అదనంగా కట్టాలి. మన ఉదాహరణలో అది 270. దాదాపు రెండు నెలల రాయితీ పాసు ధర ఒక్క రోజులో పోతుంది. గడువు తీరిన పాసుతో ఎక్కినా అంతే.

తీసుకునే ముందు

రాయితీ పాసుకు కాలేజీ ఇచ్చే ధ్రువపత్రం కావాలి. దాని మీద ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర ఉండాలి. ఇంటికి దగ్గరి స్టేషను, కాలేజీకి దగ్గరి స్టేషను పేర్లు సరిగ్గా రాయించుకుని టికెట్టు కౌంటరులో ఇవ్వాలి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ప్రయాణంలో దగ్గర ఉండాలి. పాసు ఇంకొకరికి ఇవ్వకూడదు. రిజర్వేషన్ పెట్టెల్లో అది చెల్లదు. సూపర్‌ఫాస్ట్ రైళ్లకు అదనపు ఛార్జీ ఉంటుంది కాబట్టి ఏయే బండ్లలో చెల్లుతుందో కౌంటరులోనే అడిగి తెలుసుకోవడం మంచిది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి నిర్దేశించిన ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఊరి నుంచి స్టేషనుకు బస్సులో, అక్కడి నుంచి కాలేజీకి ఉచిత రైలు పాసుతో వెళ్తే డిగ్రీ చదివే అమ్మాయికి రాకపోకల ఖర్చు దాదాపు సున్నాకు వస్తుంది. దూరం అని చదువు మాన్పించాలనుకునే ఇంట్లో ముందు ఈ లెక్క చెప్పాలి. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే ఆఫీసులో ధ్రువపత్రం అడిగితే, ఆ నెల నుంచే డబ్బు మిగలడం మొదలవుతుంది.