చిన్నాయన కుంచె, కంప్యూటరు అక్షరం

సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, కథో కవితో కాకుండా రెండేళ్ళుగా నేను పడుతున్న ఒక అవస్థను గురించి రాయాలనిపించింది. అది చేతిరాతను కంప్యూటరు ఫాంటుగా మార్చడం.

మా చిన్నాయన అనంతపురంలో బోర్డులు రాసేవాడు. విత్తనాల అంగళ్ళు, శెనక్కాయ మండీలు, కరువు ముదిరిన ఏడాదుల్లో బోరుబండ్ల మీది పేర్లు ఆయన చేతివే. (వాన పడకపోతే మా ఇంట్లో కాస్త పని ఉండేదన్నమాట!) ఫ్లెక్సులు వచ్చాక కుంచె మూలన పడింది. ఇప్పుడు చెయ్యి కూడా వణుకుతోంది. ఆ రాత పూర్తిగా పోకముందే పట్టుకోవాలని నా ఆత్రం.

మొదట 'అ' నుంచి 'క్ష' వరకు విడివిడిగా రాయించాను. స్కాన్ చేసి, అంచుల వెంట బిందువులు పెట్టి, వంపులు సరిచేసి ఫాంటు తయారుచేశాను. దాంతో ఆయన పేరే టైపు చేసి చూపిస్తే, కళ్ళజోడు సర్దుకుని, "ఇది నా రాత కాదప్పా. బడిపిల్లోడు దిద్దినట్లుంది" అన్నాడు.

నిజమే. విడిగా రాసే అక్షరం వేరు, మాటలో పడే అక్షరం వేరు. ఆయన 'కాకరకాయ' అని రాస్తే మొదటి 'కా' నిండుగా ఉంటుంది, రెండో 'కా' దగ్గరికి వచ్చేసరికి కుంచెలో రంగు తగ్గి సన్నబడుతుంది. అందుకని ఈసారి మాటలు రాయించి, వాటిలోంచి అక్షరాలు తీసుకున్నాను. ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు పెట్టి, పక్క అక్షరాన్ని బట్టి కంప్యూటరే ఒకదాన్ని ఎంచుకునేలా చేయవచ్చు. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ ప్రకటించిన ఓపెన్‌టైప్‌లో ఆ వీలుంది.

బాపుగారి (1933–2014) చేతిరాత ఫాంటుగా మారి పెళ్ళిపత్రికలదాకా వచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ రాతంటే నాకు ప్రాణం. అయినా ఒక మాట అనక తప్పదు. పత్రికలో ప్రతి 'శ్రీ' ఒకే అచ్చుగా పడితే చేతిరాత కాస్తా రబ్బరు స్టాంపు అయిపోతుంది.

జపానులో కుంచెరాతను ఫాంటు చేసేవాళ్ళ కష్టం మనకంటే పెద్దది. అక్కడి ప్రమాణమైన జిస్ పట్టికలో కాంజీ అక్షరాలే 6,355. మనకు 56 అక్షరాలే గదా అని సంబరపడరాదు. 36 హల్లులకు, తలకట్టుతో కలిపి 12 గుణింత రూపాల చొప్పున లెక్కేసినా 432, వత్తులు వేరే. పోనీ 'క' మీద గుడి అతికిస్తే 'కి' అవుతుందా అంటే, కాదు. చిన్నాయన తలకట్టును చివర్లో ఒక్క విసురుతో పెడతాడు. గుడి వచ్చేచోట ఆ విసురే ఉండదు, కుంచె ఇంకో దారిన తిరుగుతుంది. అంచేత 'కి'ని ఆయన రాసిన మాటలోంచే తేవాలి.

చాలావరకు అయింది. 'క్ష్మి' దగ్గర ఆగిపోయాను. 'క'కింద 'ష' వత్తు, దానికింద 'మ' వత్తు, పైన గుడి. అన్నీ కలిసి కింది వరుసను తన్నేస్తున్నాయి. వదిలేద్దామంటే, లక్ష్మి పేరు లేని అంగళ్ళు మన ఊళ్ళో ఎన్నున్నాయి? దసరా సెలవుల్లో రంగుడబ్బా పట్టుకుని మళ్ళీ చిన్నాయన దగ్గరికి పోతున్నాను. పొద్దున పూట అయితే చెయ్యి అంతగా వణకదట.