బోల్లు తోమే మిషన్ కొనాల్నా, వద్దా?

మా ఇంటామె పటాన్‌చెరు దిక్కు ఒక ఫ్యాక్టరీల ప్యాకింగ్ పనికి పోతది. బీ షిఫ్ట్ ఉన్న వారం పగటీలి ఒంటిగంటకు బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి రాత్రి పదిన్నర. అప్పటికి సింకుల పొద్దటి గంజులు, మాపటి పల్లాలు అట్లనే ఉంటయి. మొన్న ఫోన్ల డిష్‌వాషర్ ఈఎంఐ చూసుకుంట అడిగింది: "ఎనిమిది గంటల పని అని మీటింగుల గొంతు చించుకుంటవు గద, నాకు ఎన్ని గంటలో ఎప్పుడన్న లెక్కవెట్టినవా?"

జవాబు లేకుండె. అందుకే కూసొని లెక్కవెట్టిన. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇండ్లల్ల గూడ ఇదే ముచ్చట నడుస్తుండొచ్చు, చదువుండ్రి.

ముందుగాల పైసలు. పన్నెండు, పద్నాలుగు మంది పల్లాలు పట్టే మిషన్ ముప్పై వేల నుంచి యాభై వేల దాక ఉన్నది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, అందుకే దుకాన్ల బోర్డులు పెద్దగైనయి. కాని ఖర్చు అక్కడ ఆగది. రోజుకో సబ్బు మాత్ర, మిషన్ ఉప్పు, మెరుపు కోసం పోసే రిన్స్ ఎయిడ్ కలిపితే నెలకు ఐదారు వందలు పోతయి. కాంట్రాక్ట్ పనిల నడుమ నడుమ బ్రేక్ ఇస్తరు గని ఈఎంఐకి బ్రేక్ ఉండది.

కరెంటు ముచ్చట ఇంక జాగ్రత్తగ చూడాలె. నీళ్లు వేడి చేసుడే దాని పెద్ద ఖర్చు. ఎకో మోడ్‌ల ఒక్కసారికి సుమారు ఒక యూనిట్, గట్టి వాష్ పెడితే ఒకటిన్నర. అంటే నెలకు ముప్పై నుంచి నలభై ఐదు యూనిట్లు. పైకి చూస్తే తక్కువనే. కాని 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఇండ్లకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాక జీరో బిల్లు వస్తున్నది. 200 దాటితే పైన కాలిన దానికే గాదు, మొత్తానికి కట్టాలె. ఇప్పుడు 170, 180 కాలే ఇంట్ల ఈ మిషన్ పెడితే జీరో బిల్లు పోతది. షోరూమ్ పిలగాడు ఇది చెప్పడు, పాత బిల్లులు మీరే తీసి చూడుండ్రి.

నీళ్ల కాడికొస్తే మిషన్‌దే పైచేయి. ఒక్క వాష్‌కు పది పన్నెండు లీటర్లే తాగుతది. నల్లా ఇడిసిపెట్టి తోముతే ఎంత పోతదో తెలవాల్నంటే కింద బకెట్ పెట్టి చూడుండ్రి. నేను పెట్టి చూసి సిగ్గువడ్డ.

మరి ఏ నీళ్లు? మన బెల్టుల బోరు నీళ్ల కథ తెలిసిందే. నక్కవాగు ఫ్యాక్టరీల నీళ్లు మోసి మోసి మంజీరల కలిపింది, ఆ పంచాయితీ 1990లనే సుప్రీంకోర్టు దాక పోయింది. ఆ విషాలు ఒకెత్తు, మిషన్‌కు మాత్రం నీళ్ల గట్టిదనమే పగోడు. అంటే నీళ్లల్ల కరిగున్న కాల్షియం, మెగ్నీషియం. గిన్నె అడుగున, హీటర్ రాడ్‌కు తెల్లగ పేరుకునేది అదే. మిషన్ల ఉప్పు పోసేది దాన్ని ఆపేటందుకే. వంటింటి అయోడిన్ ఉప్పు పోయొద్దు. తాగే నీళ్లకు లీటర్‌కు 200 మిల్లీగ్రాముల గట్టిదనం మంచిదని, వేరే దిక్కు లేకుంటే 600 దాక ఓర్చుకోవచ్చని మన ప్రమాణం. మీ బోరుది ఎంతనో టెస్ట్ స్ట్రిప్‌తోని చూసుకొని, ఆ మిషన్ ఎంత దాక తట్టుకుంటదో కాగితంల చదువుండ్రి. టీడీఎస్ మీటర్ చూపెట్టేది ఇది కాదు. భగీరథ నీళ్లు వాడుకుంటమంటే ట్యాంకుల నిలువ చేసుకోవాలె. ట్యాంకు పది ఫీట్ల ఎత్తుల ఉంటే వచ్చే ఒత్తిడి 0.3 బార్, చాలా మిషన్లకు అది అంచుల సంగతి.

ఇగ బోల్లు. స్టీలు, గాజు బాగ వస్తయి. ఇనుప పెంక తుప్పువడుతది, అల్యూమినియం కుక్కర్ నల్లవడుతది, కట్టె గంటె పగులుతది. మా సింకుల ఉన్నయి ఎంచితే సగం మిషన్ల పెట్టరానియే. మాడిన అడుగు ముందు గీకాలె, మెతుకులు దులపాలె, జాలీ కడగాలె, ఆరినంక సదరాలె. ఇవన్ని ఎవలు చేస్తరు?

ఒక చరిత్ర ముచ్చట. అమెరికాల ఎనిమిది గంటల పని కోసం చికాగో కార్మికులు నెత్తురు కార్చింది 1886ల. అదే ఏడు డిసెంబర్‌ల, అదే ఇల్లినాయ్ రాష్ట్రంల జోసెఫిన్ కాక్రేన్ అనే ఆమె బోల్లు కడిగే మిషన్‌కు పేటెంట్ తీసుకున్నది. పనోళ్ల చేతులు నొస్తున్నయని గాదు, వాళ్లు తోముతుంటే తన ఖరీదైన పింగాణి పల్లాలు పెచ్చులు లేస్తున్నయని! కొన్నది గూడ ఎక్కువ హోటళ్లే. ఇండ్లల్ల తోమేది ఆడోళ్లు, ఆ కష్టానికి ధర కట్టెటోడెవడు?

ఇప్పటి లెక్క గూడ చూడుండ్రి. 2024 కేంద్ర టైమ్ యూజ్ సర్వేల, ఇంటిపని చేసే ఆడోళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నరు. చేసే మొగోళ్లు 88 నిమిషాలు. ఫ్యాక్టరీ ఎనిమిది గంటలకు, బస్సు గంటన్నరకు ఆ 289 కలిపి చూసిన. ఆమె అడిగినదానికి జవాబు అదే.

అమీన్‌పూర్, బీరంగూడ అపార్ట్‌మెంట్లల్ల పదిండ్లు తిరిగి తోమే అక్కల సంగతి వేరు. 2020 లాక్‌డౌన్ల వాళ్లను గేటు కాడ్నే ఆపిన్రు, సిటీల డిష్‌వాషర్ల అమ్మకాలు లేసినయి. అక్కడ మిషన్ వస్తే ఒకామె కూలి పోతది. మన ఇండ్లల్ల పోయే కూలి లేదు, పోతే నడుంనొప్పే.

అందుకే మిషన్ వద్దని నేను చెప్ప. ఇద్దరు పనికి పోయే ఇంట్ల, నీళ్లు మంచిగుంటే, నెల నెల జీతం పక్కా అయితే కొనుండ్రి, తప్పేం లేదు. కాని కొనకముందు ఒక్క నెల ఇంట్ల మొగోళ్లు తోమి చూడుండ్రి. ఎన్ని బోల్లు, ఎంత సేపు, ఏ నీళ్లు అనేది చేతులకే ఎరుకైతది. మేం ఇప్పటికైతే కొనలే. జాలారి కాడ వంగి తోమే పెద్ద సర్వలకు నిలవడి తోమేటట్టు గట్టు కట్టించి నల్లా ఎత్తు పెంచినం.

ఈ వారం బీ షిఫ్ట్. నిన్న రాత్రి ఆమె వచ్చేసరికి సింకు ఖాళీగ ఉండె. కుక్కర్ అడుగు సరిగ్గ రుద్దలేదని మళ్ల నాతోనే రుద్దిచ్చింది. మిషన్ ముచ్చట దీపావళికి మళ్ల మాట్లాడుదమన్నది.