కాపురం ఉండగానే ఇంటి వైరింగు మార్చుకోవడం



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళ కాలంలో ఇళ్ళకు కరెంటు లేదు గనుక ఆ రెండింటితో ఆగారు. ఉండి ఉంటే, పిల్లాపెద్దలను ఎక్కడికీ పంపకుండా ఇంటి వైరింగు మార్చి చూడు అని మూడోది కూడా చేర్చేవారేమో. పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఆ పని జరిగింది. తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో మేము నేర్చుకున్న సంగతులు, మూడో రోజు సాయంత్రం మాకు తప్పిపోయిన ఒక ప్రమాదం గురించి ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా కోలారు జిల్లాకు కరెంటు కొత్త కాదు. 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి ఇక్కడి బంగారు గనులకు కరెంటు వచ్చింది. మా ఇంటికి మాత్రం 1978లో, మా మామగారు బండల మిద్దె కట్టించినప్పుడు వచ్చింది. గోడల మీద చెక్కపట్టీలు, వాటి మీద క్లిప్పులతో బిగించిన అల్యూమినియం తీగలు, చెక్క బోర్డుల మీద నల్లటి స్విచ్చులు. అప్పుడు ఇంట్లో ఉన్నవి అయిదు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో. ఇప్పుడు అవే తీగల మీద మిక్సీ, గ్రైండరు, ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, సంపు మోటారు. సామాను పెంచుకున్నాం గానీ తీగల సంగతి ఎవరం తలుచుకోలేదు.

మీ ఇంటి వైరింగు ముసలిదైపోయిందని ఎలా తెలుస్తుంది? స్విచ్చి వేస్తే చిటపటమని చప్పుడు వస్తుంది. ప్లగ్గు పెట్టే చోట నల్లగా మాడుతుంది. మోటారు వేయగానే బల్బులు గుడ్డివవుతాయి. ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే చేతికి జిల్లుమంటుంది. తడి గోడ ముట్టుకుంటే ఝుమ్మంటుంది. వీటిలో చివరి రెండూ కనిపిస్తే సెలవులు వచ్చేదాకా ఆగకండి.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి చెబుతాను. బడిపంతులమ్మను కదా, అలవాటు పోదు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు. 60 వాట్ల పాత బల్బు తీసుకునే కరెంటు సుమారు 260 మిల్లీ ఆంపియర్లు. మనిషి ఒంట్లోంచి 30 మిల్లీ ఆంపియర్లు దాటి పారితే గుండె లయ తప్పవచ్చు. అంటే ఒక బల్బు వెలగడానికి కావలసినదాంట్లో ఎనిమిదో వంతు కూడా అక్కరలేదు. మీ ఫ్యూజు అయిదు ఆంపియర్లది, అంటే 5,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి తీగకు అంటుకుపోయినా ఆ ఫ్యూజుకు తెలియదు. ఫ్యూజు కాపాడేది తీగను, మనిషిని కాదు.

మనిషిని కాపాడేవి రెండు. ఒకటి ఎర్తు, రెండోది ఆర్.సి.సి.బి. అనే మీట. ఈ మీట ఏం చేస్తుందో చెబుతాను. పిల్లలను విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడు బస్సు ఎక్కేటప్పుడు తలలు లెక్కపెడతాం, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ లెక్కపెడతాం. ఒక్క తల తగ్గినా బస్సు కదలదు. ఆర్.సి.సి.బి. కూడా అంతే. ఫేజు తీగలో వెళ్ళిన కరెంటు, న్యూట్రల్ తీగలో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని క్షణక్షణం చూస్తుంది. మధ్యలో కొంత ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోయిందంటే లెక్క తప్పుతుంది, మీట పడిపోతుంది. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లదే కొనాలి. ఒక్క హెచ్చరిక. ఎవరైనా ఒక చేత్తో ఫేజును, ఇంకో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకుంటే లెక్క సరిపోతుంది గనుక మీట పడదు. కాబట్టి అది ఉంది కదా అని ధీమా పనికిరాదు.

కొందరు పాత వైరింగుకే ఈ మీట తగిలిస్తారు. అది మాటిమాటికీ పడిపోతుంది. మీట మంచిది కాదని తీసేస్తారు. అసలు సంగతి ఏమిటంటే, పాత ఇళ్ళలో హాలు లైటుకు ఫేజు ఒక లైనులోంచి, న్యూట్రల్ పక్క లైనులోంచి తెచ్చి కలిపేస్తారు. మా తరగతితో వెళ్ళిన పిల్లవాడు పక్క తరగతి బస్సులో తిరిగి వచ్చినట్టు. పిల్లవాడు క్షేమమే, లెక్క మాత్రం తప్పుతుంది. అందుకే ప్రతి లైనుకూ దాని ఫేజు, దాని న్యూట్రల్, దాని ఎర్తు బోర్డు దాకా విడిగా రావాలి. వైరింగు మార్చడమంటే ముఖ్యంగా ఇదే.

ఇక పని వరుస. ఇంట్లో మనుషులున్నప్పుడు వరుస తప్పితే అన్నీ తప్పుతాయి. ఒకేసారి ఇల్లంతా విప్పే పని పెట్టుకోకండి. విప్పడానికి ఒక పూట చాలు. ఆ రాత్రి మీరు ఎక్కడ పడుకుంటారు?

మొదట కాగితం మీద ఇంటి పటం గీయండి. ఏ గదిలో ఎన్ని లైట్లు, ఎన్ని ప్లగ్గులు, ఏ స్విచ్చి దేనికి అని రాసుకోండి. ఇంట్లో ఎవరికి ఏది లేకపోతే జరగదో పక్కన రాయండి. మా అత్తగారికి రాత్రి పెరటి దాకా లైటు ఉండాలి. మా వారి ఇన్సులిన్‌కు ఫ్రిజ్ ఉండాలి. సంపులోంచి నీళ్ళు ఎక్కాలంటే మోటారు తిరగాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు మిద్దె మీది ట్యాంకు, బిందెలు నింపుకోవడం ఆడవాళ్ళ పని అనుకోకుండా ఇంటిల్లిపాదీ పంచుకోవాలి.

రెండోది ఎర్తు. గోడకు కనీసం మీటరున్నర దూరంలో గొయ్యి తీసి రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు. మా నేల రాతినేల, వానలు తక్కువ. ఎండిన నేల కరెంటును సరిగ్గా లాక్కోదు. ఎర్తు నిరోధం 100 ఓములు ఉందనుకోండి, 230ని 100తో భాగిస్తే రెండు ఆంపియర్ల పైచిలుకే వస్తుంది. అయిదు ఆంపియర్ల ఫ్యూజు దానికి కాలదు. ఫ్రిజ్ ఒళ్ళంతా కరెంటు అలాగే ఉండిపోతుంది. అందుకే వేసవిలో ఎర్తు గొయ్యికి అప్పుడప్పుడు నీళ్ళు పోయాలి, పక్కన ఆర్.సి.సి.బి. కూడా ఉండాలి.

మూడోది కొత్త బోర్డు. పాత బోర్డును ఊడదీయకుండా దాని పక్కనే కొత్తది బిగించాలి. అందులోంచి ముందుగా ఒకే ఒక్క కొత్త లైను లాగి, హాలు మూలలో పెద్ద ప్లగ్గు ఒకటి పెట్టించండి. ఫ్రిజ్, ఫోన్లు, ఒక టేబులు ఫ్యాను దాని మీద నడుస్తాయి. పని సాగినన్నాళ్ళూ సంసారానికి అదే ఆధారం. తర్వాత ఒక్కొక్క లైనే పాత బోర్డునుంచి కొత్త బోర్డుకు మారుతుంది. నీళ్ళు, ఇనుప సామాను ఉండే వంటిల్లు, స్నానాల గది ముందు. పడకగదులు తర్వాత. హాలు చివర. పొద్దున టిఫిను అయ్యాక విప్పిన గది సాయంత్రం దీపాలవేళకు వెలగాలి. అంతకన్నా ఎక్కువ పని ఒక రోజుకు ఒప్పుకోకండి.

తీగల లావు గురించి రెండు మాటలు. లైట్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పెద్ద ప్లగ్గులకు రెండున్నర, గీజరుకూ ఏసీకీ నాలుగు. ఒక లైట్ల లైను మీద పది పాయింట్లు మించకూడదు. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి. పాత అల్యూమినియం తీగకు కొత్త రాగి తీగను మెలిపెట్టి టేపు చుట్టనివ్వకండి. ఆ రెండు లోహాలకూ పొత్తు కుదరదు, అతుకు వదులై వేడెక్కుతుంది. ఎం.సి.బి. పదేపదే పడిపోతోందని పెద్దది వేయించుకోవడం కూడా తప్పే. ఫ్యూజులో లావు తీగ చుట్టడమూ అదీ ఒకటే.

మాది రాతిగోడల ఇల్లు. గాడి కొడితే దుమ్ము, గోడకు చేటు. అందుకని పైనే ప్లాస్టిక్ పట్టీలు బిగించి, వాటిలో తీగలు వేసి మూత పెట్టించాం. అందం కొంచెం తగ్గింది. ఉబ్బసం ఉన్న ముసలావిడ ఇంట్లోనే ఉండి దుమ్ము లేకుండా నెగ్గుకొచ్చింది. పాత ఇళ్ళవారికి ఈ పద్ధతి అనుకూలం.

ఇప్పుడు ఆ మూడో రోజు సాయంత్రం సంగతి.

పని చేసిన అబ్బాయి మా బడిలో నా దగ్గర చదువుకున్నవాడే. పని మొదలుపెట్టేటప్పుడు మెయిన్ పిడి కిందికి దించి, దానికి ఒక అట్ట కట్టాడు. దాని మీద కన్నడంలో 'ముట్టబేడి' అని రాశాడు. ఆ రోజు వంటింటి పని కాస్త ఆలస్యమైంది. పొద్దు గూకింది. అతను నిచ్చెన మీద ఉన్నాడు, చేతిలో కొసలు తేలిన తీగలు ఉన్నాయి. మా అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టడానికి లేచారు. ఇల్లంతా చీకటి. నలభై ఏళ్ళ అలవాటు. ఫ్యూజు పోయిందేమో, ఎవరో మెయిన్ దించారేమో అనుకుని నేరుగా వెళ్ళి పిడి పైకి ఎత్తేశారు.

ఏమీ కాలేదు. ఎందుకంటే మెయిన్‌లోని ఫ్యూజు కట్టలు రెండూ ఆ అబ్బాయి జేబులో ఉన్నాయి. ఇన్వర్టరు తీగ కూడా పొద్దున్నే విప్పేశాడు.

నాకు కాళ్ళు వణికాయి. "అట్ట చూడలేదా అత్తయ్యా?" అని అరిచాను. ఆవిడ తెల్లబోయి, "చూశానమ్మా. అది కన్నడం కదా, నాకేం తెలుసు?" అన్నారు.

మా అత్తగారు చిత్తూరు జిల్లా పిల్ల. తెలుగు పేపరు అక్షరం వదలకుండా చదువుతారు, కన్నడం మాట్లాడతారు, చదవలేరు. మా పిల్లలు కన్నడం చదువుతారు, తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఒకే ఇంట్లో ఒకే భోజనం చేస్తున్న మాకు ఒకే అట్ట సరిపోలేదు. రెండు భాషలూ బడిలో చెప్పే నాకు ఆ సంగతి అంతవరకూ తోచలేదు. సరిహద్దు జిల్లాల్లో మీ ఇళ్ళలోనూ ఇంతే కదా. హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా, నాందేడులో మరాఠీ, అంతే తేడా.

ఆ అబ్బాయి నిచ్చెన దిగి, "టీచరమ్మా, అట్టను ఎవరైనా చదవకపోవచ్చు. జేబులో ఉన్న ఫ్యూజును మాత్రం ఎవరూ పెట్టలేరు" అన్నాడు. మర్నాటి నుంచి అట్ట మీద తెలుగులోనూ రాశాం. పని అయ్యాక కొత్త బోర్డు మీద ప్రతి ఎం.సి.బి. కిందా వంటిల్లు, మోటారు, పడకగది అని రెండు లిపుల్లోనూ చీటీలు అంటించాం.

కాబట్టి మీరు గుర్తు పెట్టుకోవలసినవి ఇవి. పని జరుగుతున్నంతసేపూ ఫ్యూజులు పని చేసేవాడి దగ్గరే ఉండాలి. ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ దించినా లైట్ల లైనులో కరెంటు ఉంటుంది, దాన్ని విడిగా తీసేయాలి. టెస్టరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసి, తర్వాతే పని చేసే చోట పెట్టాలి. వెలగని టెస్టరును నమ్మి తీగ పట్టుకున్నవాళ్ళు ఉన్నారు. సాయంత్రం పని ఆపే ముందు తేలిన కొసలన్నీ కనెక్టరులో బిగించి మూత వేయాలి. పూర్తికాని లైను మీట దించి ఉండాలి. అది చూశాకే ఫ్యూజులు మళ్ళీ పెట్టాలి. ఇదంతా అయ్యాక ఇంట్లో అందరినీ, ముసలివాళ్ళతో సహా, పిలిచి నోటితో చెప్పాలి.

ఇల్లు అలకగానే పండగ కాదు. బల్బు వెలిగినంత మాత్రాన పని అయిపోలేదు. మెగ్గరు అనే పరికరంతో 500 వోల్టుల దగ్గర పరీక్షించి, తీగకూ ఎర్తుకూ మధ్య నిరోధం కనీసం ఒక మెగా ఓము ఉందని చూపించమనండి. ప్రతి స్విచ్చీ ఫేజు మీదే ఉందో లేదో చూపించమనండి. న్యూట్రల్ మీద ఉంటే స్విచ్చి ఆర్పినా హోల్డరులో కరెంటు ఉంటుంది. పని పూర్తి పత్రం మీద సంతకం చేసే కాంట్రాక్టరుకు మీరున్న రాష్ట్రపు లైసెన్సు ఉందో లేదో ముందే అడగండి. గట్టు దాటితే రాష్ట్రం మారే ఊళ్ళు మనవి. మీటరు దగ్గరి సీలు మాత్రం మీరు గానీ, పని చేసేవారు గానీ ముట్టవద్దు, అది విద్యుత్ సంస్థ వారి పని. ఆర్.సి.సి.బి. మీద ఉండే టెస్టు బొత్తాన్ని నెలకోసారి నొక్కి, మీట పడుతోందో లేదో చూసుకోండి. మా ఇంట్లో ఆ పని పిల్లలకు అప్పగించాం.

ఎంత జాగ్రత్తపడ్డా ఎవరికైనా షాకు కొడితే, వాళ్ళను పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ దించండి. అది కుదరకపోతే ఎండిన కర్రతో తీగను తప్పించండి. ఊపిరి లేకపోతే రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

తొమ్మిదో రోజు రాత్రి పని ముగిసింది. మా అత్తగారు కొత్త బోర్డు ముందు నిలబడి చీటీలన్నీ ఒక్కొక్కటిగా పైకి చదివారు. చివర 'పెరటి లైటు' అన్న చీటీ దగ్గర ఆగి, "ఇది నాది" అన్నారు.