ముక్కు ఆపరేషన్ తర్వాత రంధ్రాలు సమానంగా లేకపోతే…

ముక్కు ఆపరేషన్ అయి కట్టు విప్పిన కొద్దిరోజులకే, "ఒక రంధ్రం పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉంది సిస్టర్, మళ్లీ ఆపరేషన్ చేయించాలా?" అని కన్నవారు అడుగుతుంటారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ దిగులు మరీ ఎక్కువ. దయచేసి తొందరపడకండి.

కారణాలు ఏమిటి?
లోపలి వాపు రెండువైపులా ఒకే తీరుగా తగ్గదు. ముక్కు కొన వాపు పూర్తిగా తీయడానికి ఏడాది పడుతుంది. చర్మం మందంగా ఉంటే ఇంకా ఎక్కువ కాలం పట్టవచ్చు. మధ్యగోడ వంకరగా ఉన్నా, లోపలి మచ్చ ఒకవైపు లాగినా తేడా మిగిలిపోతుంది. అసలు ఎవరి రంధ్రాలూ అచ్చం సమానంగా ఉండవు. ఆపరేషన్‌కు ముందు తీసిన ఫోటోతో పోల్చి చూడండి.

గ్రహణమొర్రి పిల్లలకు
పసితనంలో పెదవి కుట్టినా, ఎదిగేకొద్దీ ఆ వైపు రంధ్రం అణిగినట్లు కనిపించవచ్చు. ఇది తల్లి గ్రహణం చూసినందువల్ల వచ్చింది కాదు. ముక్కును పూర్తిగా సరిచేసే ఆపరేషన్ సాధారణంగా ముఖం ఎదుగుదల ఆగాక, అంటే ఆడపిల్లలకు సుమారు 15-16, మగపిల్లలకు 17-18 ఏళ్లు వచ్చాక చేస్తారు.

రెండో ఆపరేషన్ ఎప్పుడు?
సాధారణంగా 12 నెలలు ఆగమంటారు. మచ్చ మెత్తబడక ముందే కోస్తే కొత్త మచ్చ తోడై వంకర పెరగవచ్చు. మొదటిదానికంటే ఇది కష్టమైన ఆపరేషన్. ఒక్కోసారి చెవి నుండి గాని పక్కటెముక నుండి గాని మెత్తని ఎముక తీసి అమర్చాలి. నూటికి నూరు సమానం చేస్తామని ఎవరూ హామీ ఇవ్వలేరు.

వెంటనే రావలసినప్పుడు
జ్వరం, చీము, ఆగని రక్తం, పెరిగే నొప్పి, హఠాత్తుగా ముక్కు మూసుకుపోవడం ఉంటే ఆ రోజే డాక్టరుకు చూపించండి.

డాక్టరును అడగండి
• ఇది వాపా, మచ్చా, ఎముక వంకరా?
• ఊపిరి బాగా ఆడుతుందా?
• రెండోసారి చేస్తే ఏమి బాగుపడుతుంది, ఏమి మారదు?
• మొత్తం ఖర్చు ఎంత?

కడప, తిరుపతి, రాయవేలూరు ఎక్కడికి వెళ్లినా పాత డిశ్చార్జి కాగితం, ఫోటోలు వెంట తీసుకెళ్లండి. బీడీ, సిగరెట్ మానాలి. పొగ తాగితే గాయం త్వరగా మానదు.

అప్పు చేసే ముందు బిడ్డను అడగండి. ఊపిరి బాగా ఆడుతూ, బిడ్డకు బాధ లేనప్పుడు, చుట్టాల మాట కోసం మళ్లీ కోయించవద్దు.